యతీమ్ సొమ్ముకు కాపలా ఎవరు?



సావనీరుకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయండి మాస్టారూ అని మన సెక్రటరీ గారు అడిగినప్పుడు ఏ నవాబు గురించో, ఏ మసీదు గురించో రాద్దామనుకున్నాను. కాని చాలా ఏళ్ళుగా మనసులో ఉండిపోయిన విషయం ఒకటి కలదు. అది ఒక టి.సి. దగ్గర మొదలైంది.

నేను అప్పట్లో పనిచేస్తున్న బడిలో ఐదో తరగతి కుర్రవాడికి తండ్రి పోయాడు. నలభై రోజులు గడిచాయో లేదో, ఒకే రోజున పొద్దున్న వాళ్ళ చాచా, మధ్యాహ్నం వాళ్ళ నానా వచ్చారు. ఇద్దరికీ టి.సి. కావాలి. చాచా పిల్లవాణ్ణి తన ఇంట పెట్టుకుంటానంటాడు. నానా తన కూతుర్ని, మనవణ్ణి, మనవరాల్ని తమ ఊరికి తీసుకుపోతానంటాడు. ఇద్దరూ పిల్లవాడి మీద ప్రేమతోనే మాట్లాడారు, కాదనను. కాని మాటల మధ్యలో రెండుసార్లు కొబ్బరితోట ప్రస్తావన వచ్చింది. అడ్మిషన్ రిజిస్టరులో "తండ్రి లేక సంరక్షకుడు" అని ఒక గడి ఉంటుంది గదా. తండ్రి పేరు ఎదుట ఇప్పుడు ఎవరి పేరు రాయాలి? నేను తల్లి పేరు రాశాను. ఆ సాయంత్రం జమాఅత్ పెద్ద ఒకాయన పిలిచి, "ఆడమనిషి వలీ ఎలా అవుతుంది మాస్టారూ, చాచా ఉండగా?" అని మందలించాడు. నాకు జవాబు తెలియలేదు. చదువు చెప్పేవాడికి జవాబు తెలియకపోవడం సిగ్గు. అందుకని వెతకడం మొదలుపెట్టాను.

వెతికితే మొదట తేలినది ఏమిటంటే, మేం ముగ్గురమూ తప్పే. మన హనఫీ ఫిఖహ్‌లో పిల్లవాణ్ణి పెంచే హక్కు వేరు, పిల్లవాడి ఆస్తి చూసే హక్కు వేరు. పెంచే హక్కును హిజానత్ అంటారు. అది తల్లిది. కొడుకైతే ఏడేళ్ళ దాకా, కూతురైతే యుక్తవయస్సు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండాలి. తల్లి లేకపోతే తల్లి తల్లి, ఆ తర్వాత తండ్రి తల్లి, ఇలా వరస సాగుతుంది. ఆస్తి సంగతి పూర్తిగా వేరు. దానికి వలీ తండ్రి. తండ్రి పోతే ఆయన నియమించిన వసీ. ఆ తర్వాత దాదా, దాదా నియమించిన వసీ. అంతే. ఆ జాబితాలో తల్లి లేదు నిజమే, కాని చాచా కూడా లేడు, అన్న కూడా లేడు. ఈ నలుగురిలో ఎవరూ లేకపోతే ఆ అధికారం కాజీది. అంటే నా దగ్గరకు వచ్చిన చాచాకు తోట మీద ఎంత అధికారం ఉందో ఆ నానాకూ అంతే, నాకూ అంతే!

ఇది నిన్నమొన్నటి తగాదా కాదు. మన రసూల్ (స.అ.స.) గారే యతీముగా పుట్టారు. తండ్రి హజ్రత్ అబ్దుల్లా పుట్టకముందే పోయారు, ఆరో ఏట తల్లి బీబీ ఆమినా పోయారు, ఎనిమిదో ఏట దాదా పోయారు, ఆ తర్వాత చాచా అబూ తాలిబ్ పెంచారు. చాచాలంటే అందరూ ఒకలాంటివారని ఎవరూ అనుకోకూడదని ముందే చెబుతున్నాను. క్రీ.శ. 625లో ఉహుద్ యుద్ధం జరిగింది. సుమారు 70 మంది ముస్లిములు షహీదులయ్యారు. మదీనా చిన్న ఊరు. ఒక్క రోజులో ఎన్ని ఇళ్ళలో యతీములు మిగిలారో ఊహించుకోండి. షహీదులైన వారిలో సఅద్ బిన్ రబీ గారొకరు. ఆయన భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని రసూల్ (స.అ.స.) వద్దకు వచ్చి, వీళ్ళ చాచా ఆస్తి అంతా తీసేసుకున్నాడు, ఆస్తి లేనిదే వీళ్ళ నికాహ్ ఎలా అవుతుందని మొర పెట్టుకున్నదని హదీసు గ్రంథాలలో ఉన్నది. అరబ్బుల పాత ఆచారం ప్రకారం చాచా చేసినది తప్పు కాదు. కత్తి పట్టగల మగవాడికే ఆస్తి. ఆ సందర్భంలోనే వారసత్వపు ఆయతు దిగింది. చాచాను పిలిపించి, ఆడపిల్లలిద్దరికీ మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నీవు తీసుకో అని తీర్పు చెప్పారు. లెక్క వేస్తే 24 భాగాలలో పిల్లలకు 16, తల్లికి 3, చాచాకు 5. నిన్నటిదాకా 24కు 24 తనవే అనుకున్న మనిషికి 5 మిగిలాయి. సూరా అన్-నిసా మొదట్లోనే యతీముల సొమ్ము మాట ఎందుకు వచ్చిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అదే సూరాలో, ఆస్తి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని కూడా ఉన్నది. దీన్ని మనం వాజ్‌లలో తరచూ వింటాం. సాక్షులను పెట్టుకున్న ఇల్లు మాత్రం నేను ఒకటో రెండో చూశాను.

ఇక మన ప్రాంతానికి వద్దాం. మన శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ సర్కారుకు కేంద్రం. కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు (1641) నేటికీ కలదు. ఆ కాలంలో యతీము ఆస్తికి దిక్కులేకపోతే కాజీ దిక్కు. తరువాత ఇంగ్లీషువారు వచ్చారు. మొదట్లో వాళ్ళూ కాజీలను ఉంచారు గాని 1864లో 11వ చట్టంతో ఆ సర్కారీ కాజీ పదవులను తీసివేశారు. 1880లో కాజీల చట్టం మళ్ళీ తెచ్చారు గాని అందులో కాజీకి న్యాయాధికారం ఏమీ ఇవ్వలేదు. నికాహ్ వంటి కార్యాలకు హాజరు కావడమే మిగిలింది. మరి యతీము ఆస్తి? 1890లో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం వచ్చి ఆ అధికారాన్ని జిల్లా జడ్జికి ఇచ్చింది. అంటే మన వాళ్ళు కాజీ వద్దకు వెళ్ళవలసిన పనికి జిల్లా కోర్టుకు వెళ్ళాలి. (ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట ఇప్పుడు అక్కడికి.) వెళ్ళారా? లేదు. కాజీ పోయాడు, జడ్జి దూరమయ్యాడు. ఆ ఖాళీలోకి ఎవరి చేతిలో తోట తాళం ఉంటే వాళ్ళు వచ్చి కూర్చున్నారు. నా అభిప్రాయంలో మన యతీముల కష్టాలలో సగం ఈ ఖాళీలోనే పుట్టాయి.

ఆ చట్టం రావడానికి ఒక సంవత్సరం ముందు, ఇంగ్లీషు చట్టం నడవని హైదరాబాదు సంస్థానంలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. సాలార్‌జంగ్ మ్యూజియం చూడని వారు మనలో తక్కువ. పిల్లలను ఎక్స్‌కర్షన్‌కు తీసుకుపోతే అందరూ గడియారం ముందే నిలబడిపోతారు. ఆ మ్యూజియం వస్తువులలో అధికభాగం కొన్న మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1889 జూన్ 13న పూణేలో జన్మించారు. తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్ ఆ జూలై 7న మరణించారు. అంటే బిడ్డ వయస్సు 24 రోజులు. వెనుక బ్రహ్మాండమైన జాగీరు, చుట్టూ బంధుజనం. ఇంతకన్నా ప్రమాదంలో ఉన్న యతీము ఉండడు! ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆ బిడ్డ బాధ్యత స్వీకరించారు. జాగీరు ప్రభుత్వ పర్యవేక్షణలో నడిచింది. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై 1912లో హైదరాబాదు దివాన్ అయ్యారు.

మహబూబ్ అలీ ఖాన్ ఎందుకు అంత శ్రద్ధ పెట్టారో ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. ఆయనా యతీమే. 1869 ఫిబ్రవరిలో తండ్రి అఫ్జలుద్దౌలా మరణించేనాటికి ఆయనకు మూడేళ్ళు కూడా నిండలేదు. ఆయన తరపున రాజ్యం చూసినది మొదటి సాలార్‌జంగ్, మూడవ షంసుల్ ఉమరా. 1877లో షంసుల్ ఉమరా మరణించిన తర్వాత రెండవ రీజెంటు ఎవరన్నదాని మీద సాలార్‌జంగ్‌కూ ఇంగ్లీషువారికీ పెద్ద పేచీ వచ్చింది. ఆయన వద్దంటున్నా వారు రషీదుద్దీన్ ఖాన్‌ను పెట్టారు. రాజ్యమైనా రెండెకరాల తోటైనా పేచీ ఒకటే, చిన్నపిల్లవాడి పేరున సంతకం ఎవరు చేయాలి? 1884 ఫిబ్రవరి 5న లార్డ్ రిప్పన్ సమక్షంలో మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి అధికారాలు వచ్చాయి. ఇక ఆ మొదటి సాలార్‌జంగ్ సంగతి? ఆయనకూ పసితనంలోనే తండ్రి పోయాడు. పెంచి విద్య చెప్పించినది చాచా సిరాజుల్ ముల్క్. చాచా పెంచిన యతీము ఇంకొక యతీము రాజ్యాన్ని కాపాడాడు. ఆ రాజు తిరిగి ఈయన మనవడైన యతీముకు అండగా నిలిచాడు. మూడు తరాల ఈ గొలుసు గమనించినప్పుడు నేను రాత్రి లేచి కూర్చున్నాను.

అయితే కథ అంతటితో అయిపోలేదు. మూడవ సాలార్‌జంగ్ వివాహం చేసుకోలేదు. 1949 మార్చి 2న మరణించారు. పిల్లలు లేరు. అప్పుడు వారసులమంటూ వచ్చినవారికి లోటు లేదు. ప్రభుత్వం కమిటీ వేసింది. 1951 డిసెంబరులో నెహ్రూ గారు మ్యూజియాన్ని ప్రారంభించారు. తగాదా మాత్రం హైకోర్టులో రాజీ డిక్రీ అయ్యేదాకా సాగింది. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. పసివాడుగా ఉన్నప్పుడు లెక్కలు రాసిన చేతులు ఉండబట్టి మిగిలిన సొత్తు అది.

అందరు యతీములకూ నిజాం దొరకడు. మామూలు కుటుంబంలో ఏం జరుగుతుందో 1918లో లండనులోని ప్రివీ కౌన్సిల్ తీర్పు ఒకటి చెబుతుంది. ఇమాంబందీ కేసు అని వకీళ్ళందరికీ తెలుసు. ఇస్మాయిల్ అలీ ఖాన్ అనే ఆయన ముగ్గురు భార్యలను, పిల్లలను వదిలి మరణించాడు. ఒక భార్య తన వాటాతోపాటు తన ఇద్దరు మైనరు పిల్లల వాటాలను కూడా వారి తల్లిగా అమ్మేసింది. కొన్నవారు స్వాధీనం అడిగారు. తక్కిన భార్యలు అసలు ఆమె భార్యే కాదన్నారు. కేసు కలకత్తా హైకోర్టు దాటి ప్రివీ కౌన్సిల్‌కు పోయింది. తీర్పు రాసినది సయ్యద్ అమీర్ అలీ గారు. ఆయన పుట్టింది (1849) కటకంలో, అంటే మన కంచిలి స్టేషనులో ఉత్తరానికి పోయే రైలెక్కితే తగిలే ఊరే. కలకత్తా హైకోర్టు జడ్జీ చేసి, 1909లో ప్రివీ కౌన్సిల్ జుడీషియల్ కమిటీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయన. ఆయన చెప్పినదేమిటంటే, తల్లికి పిల్లలను పెంచే హక్కు ఉన్నది గాని వారి స్థిరాస్తి అమ్మే హక్కు లేదు, కోర్టు గార్డియనుగా నియమిస్తే తప్ప. ఆమె తన వాటా వరకే అమ్మగలదు. పిల్లల వాటా అమ్మకం చెల్లదు.

దీన్ని మన భాషలో చెబుతాను. ఒకాయన ఉద్దానంలో 72 కొబ్బరిచెట్ల తోట వదిలి పోయాడనుకుందాం. తల్లి, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు, తండ్రి ముందే పోయాడు. తల్లికి ఆరో వంతు, అంటే 12 చెట్లు. భార్యకు ఎనిమిదో వంతు, 9 చెట్లు. మిగిలినవి 51. అందులో కొడుక్కి 34, కూతురికి 17. కొడుకు ఉన్నాడు గనుక చాచాకు సున్న. ఇప్పుడు పెద్ద జబ్బో, అప్పో వచ్చి ఆ భార్య 72 చెట్లూ అమ్ముతూ కాగితం రాసి ఇచ్చింది. చెల్లేది 9 చెట్లకే. అత్త కూడా వేలిముద్ర వేస్తే 21. పిల్లల 51 చెట్లు పిల్లలవే. డబ్బు పెట్టి కొన్నవాడు ఒకరోజు లబోదిబోమంటాడు. అలాగే చాచా అమ్మినా అంతే, ఇంకా ఘోరం, ఆయనకు 9 చెట్లు కూడా లేవు. కోర్టు నియమించిన గార్డియనైనా కోర్టు అనుమతి లేకుండా స్థిరాస్తిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, ఐదేళ్ళు మించి కౌలుకు ఇవ్వరాదు. 1890 చట్టం 29వ సెక్షను అది. కోర్టు లెక్క అడిగితే చూపాలి. తల్లి దరఖాస్తు పెట్టుకుంటే ఆమెనే గార్డియనుగా వేయవచ్చు. అక్కడ చూసేది పిల్లల క్షేమం. నన్ను మందలించిన పెద్దాయనకు ఈ మాట చెప్పే అవకాశం నాకు రాలేదు.

ఈ లెక్క మన తోటలకు వర్తించడానికి కూడా ఒక చరిత్ర ఉన్నది. 1937 షరీఅత్ చట్టంలో వ్యవసాయ భూములను మినహాయించారు. 1949లో మద్రాసు శాసనసభ సవరణ చేసి మినహాయింపు తీసివేసింది. మనం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండి, ఒరిస్సా ఏర్పడినప్పుడు మద్రాసు పక్షాన మిగిలాం గనుక ఆ సవరణ మనకు వచ్చింది. అటు పోయిన గంజాంకు అది రాలేదు. బరంపురంలో వియ్యంకులున్నవారు ఈ తేడా గుర్తుంచుకుంటే మంచిది.

ఇంక అందరికన్నా ఎక్కువ బాధ పడే పిల్లవాడి మాట. దాదా బతికి ఉండగానే తండ్రి పోయిన మనవణ్ణి మహ్‌జూబ్ అంటారు, అనగా అడ్డు పడినవాడు. అదే 72 చెట్లు దాదావి అనుకోండి. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ముందు పోయి, తర్వాత దాదా పోతే, చిన్నకొడుకు ఉన్నాడు గనుక పెద్దకొడుకు బిడ్డకు వారసత్వంగా ఒక్క చెట్టూ రాదు. ఇది వేరే ఊళ్ళలో అరుదేమో గాని మన దగ్గర కాదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని నలభై, యాభై ఏళ్ళకే తీసుకుపోయిందో మీకు నేను చెప్పాలా. 1990ల నుంచి డాక్టర్లు చూస్తున్నారు, కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. డెబ్భై ఏళ్ళ తండ్రి కొడుకు జనాజా మోసిన ఇళ్ళు ఏ మతంలోనైనా ఇక్కడ ఉన్నాయి. మన ఇళ్ళలో దాని వెనుక ఈ మహ్‌జూబ్ సమస్య కూడా వస్తుంది.

దీనికి ఈజిప్టు 1946లో ఒక దారి చూసింది. దాదా వసియ్యత్ రాయకపోయినా రాసినట్లే భావించి, మూడో వంతుకు మించకుండా మనవడికి ఇవ్వాలని చట్టం చేసింది. మన లెక్కలో 24 చెట్లు. పాకిస్తాన్ 1961 ఆర్డినెన్సు ఇంకా ముందుకు పోయి తండ్రి వాటా పూర్తిగా ఇచ్చింది, 36 చెట్లు. దాని మీద అక్కడి ఉలమాలు చాలా అభ్యంతరం చెప్పారు. మన దేశంలో అలాంటి చట్టం లేదు. కాని దాదా చేతిలో రెండు మార్గాలు ఎప్పుడూ ఉన్నాయి. మనవడు వారసుడు కాడు గనుక అతని పేర మూడో వంతు దాకా వసియ్యత్ రాయవచ్చు, చిన్నకొడుకు ఒప్పుకోలు అవసరం లేదు. లేదా బతికుండగానే హిబా చేయవచ్చు, దానికి మూడో వంతు పరిమితి కూడా లేదు. తండ్రి లేని మైనరు మనవడికి దాదాయే వలీ గనుక హిబాలో స్వాధీనం అప్పగించే తంతు కూడా సులువు. నోటిమాట హిబా చెల్లుతుంది గాని, చెట్టు ఎక్కేవాడు సాక్ష్యానికి రాడు. కాగితం రాసుకోండి. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ముసలాయనతో వసియ్యత్ మాట ఎత్తడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకసారి ఎత్తి మాటపడ్డాను కూడా.

నా దగ్గరకు వచ్చిన కుర్రవాడి దాదా ముందే పోయాడు గనుక వాడు మహ్‌జూబ్ కాడు. వాడిది పైన చెప్పిన మొదటి లెక్క. టి.సి. చివరికి ఎవరికీ ఇవ్వలేదు. ఇరుపక్షాల పెద్దలు కూర్చొని, పిల్లలు తల్లి దగ్గర ఇక్కడే ఉండాలని, తోట చాచా చూడాలని, ప్రతి దింపుకూ ఎన్ని కాయలు, ఎంత ధర, ఎంత ఖర్చు అన్నది ఒక నోటుబుక్కులో రాసి నా వద్ద ఉంచాలని అనుకున్నారు. కోర్టుకు వెళ్ళండి, తల్లిని గార్డియనుగా వేయించుకోండి అని నేను అన్నాను గాని, ఇంటి పరువు రోడ్డెక్కుతుందన్నారు. నేనూ గట్టిగా అనలేదు. మూడేళ్ళు లెక్క చక్కగా వచ్చింది. చాచా స్వయంగా తెచ్చి, చదివి వినిపించి, సంతకం పెట్టేవాడు. నాలుగో ఏట నాకు బదిలీ అయింది. నోటుబుక్కు వాళ్ళ అమ్మకు ఇచ్చి వెళ్ళిపోయాను.

పందొమ్మిదేళ్ళు వచ్చాక ఆ కుర్రవాడు చెన్నైలో పనిచేసుకుంటూ సెలవుకు వచ్చి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. టీ తాగాడు, ఆరోగ్యం అడిగాడు. సంచిలోంచి ఆ నోటుబుక్కు తీశాడు. అట్ట చినిగిపోయింది గాని లోపల నా చేతిరాత, చాచా సంతకాలు అలాగే ఉన్నాయి. మూడో ఏడు చివరి పేజీ తిప్పి, తర్వాత ఉన్న ఖాళీ కాగితాలు చూపించాడు.

"దీని తర్వాతది ఎక్కడుంది మాస్టారూ?" అన్నాడు.